మసకగా ఉంటే చెడిపోయినట్టేనా మావయ్యా?

ఇప్పుడే జరిగింది. బెంగళూరు నుంచి రాయగడ దాకా ఐసుపెట్టెలో పసిపిల్లలా మోసుకొచ్చిన, నేనే చేసిన వైస్‌బీర్. మా మావయ్య గ్లాసులో పోసుకుని, లైటుకెదురుగా ఎత్తి చూసి, "ఏట్రా ఇది, కుడితినీళ్లలాగుంది, చెడిపోనాది" అని పెరట్లో మందార మొక్కకి పోసేశాడు. తాగలేదు. కనీసం వాసనైనా చూడలేదు.

అది గోధుమ బీరు మావయ్యా! వడకట్టరు, మసకగానే ఉంటుంది. జర్మనీలో గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమ) 50 శాతమైనా లేకపోతే ఆ పేరే పెట్టనివ్వరు. అరటిపండు, లవంగం వాసనలు ఈస్టే పుట్టిస్తుంది, నేను ఎసెన్సులేం కలపలేదు. బీరు పులిసే ట్యాంకు కాస్త వేడెక్కితే అరటిపండు వాసన మరీ గుప్పుమంటుందని సంక్రాంతికి కూడా రాకుండా దాని పక్కనే కాపలా కూర్చున్నాను. 1602 నుంచి బవేరియా ప్రభువులు ఆ బీరు చేసే హక్కుని గుప్పిట్లో పెట్టుకున్నారు. అలాంటిది మా మందార తాగింది. రేపు ఎన్ని పూలు పూస్తుందో చూడాలి.

ఈయనగారికి జీలుగు కల్లు మాత్రం తెల్లారకుండానే కావాలి. అందులో చీమలు, తేనెటీగలు ఈదుతుంటాయి. మీసాలతోనే వడకట్టి తాగేసి "అమృతంరా" అంటాడు. అదేమైనా అద్దంలా ఉంటుందా? పాలలా ఉంటుంది!

అసలు నాకీ పిచ్చి పట్టింది సంతలో రాగి లాండా, అంటే రాగులు పులియబెట్టి చేసే నాటు బీరు, అమ్మే ముసలమ్మ దగ్గరే. థర్మామీటర్ లేదు, ఏమీ లేదు. కుండకి చెవి ఆనించి "ఇంకా పొంగుతోంది, రేపు రా" అనేది. నేను లక్షలు పోసి నేర్చుకున్నదీ అదే.

సరే, నా మంట బీరు గురించి కాదులెండి. నాలుగేళ్ల క్రితం పార్వతీపురం సంబంధం వాళ్లొస్తే "మావోడు కెమికల్ ఇంజనీరు" అన్నాడీయన. నేను నోరు తెరవబోతే మోకాలు నొక్కాడు. తర్వాత వాళ్లకెవరో "సారా కాస్తాడట" అని చెప్పారు. అంతే, సంబంధం పోయింది. అబద్ధం ఆయనది, పరువు నాది. ఆయన అల్లుడికి మందు షాపుంది, అతన్ని మాత్రం "బిజినెస్‌మేన్" అని పరిచయం చేస్తాడు. అమ్మితే బిజినెస్సు, చేస్తే సారా!

ఇది టైప్ చేస్తుంటే లోపల్నుంచి కేక: "ఒరే, ఫ్రిజ్జులో ఆ రెండో సీసాలో కిక్కెంతుంటాదేటి?"