ఏనుగు దారికి ఖాతా ఉందా?

బెంగళూరులో వన్యప్రాణి సంరక్షణ మంచి ఊపు మీద ఉంది. సాక్ష్యం కావాలంటే మా బావమరిది ఉన్నాడు. బన్నేరుఘట్ట అవతల పావు ఎకరం ఫామ్ ప్లాట్ కొన్న రోజు నుంచి వాడు ప్రకృతి ప్రేమికుడైపోయాడు. 2020లో కర్ణాటక ప్రభుత్వం భూసంస్కరణల చట్టాన్ని సవరించి, రైతులు కానివాళ్లు కూడా సాగుభూమి కొనుక్కోవచ్చని తలుపు తీసింది కదా, ఆ తలుపులోంచి దూరినవాళ్లలో వీడొకడు. ఇప్పుడు వాడు రైతు. నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా రైతు. మామిడి మొక్కకు నీళ్లు పోసేది కంపెనీ మనిషి. పక్కన నిలబడి ఫొటో దిగేది మనవాడు.

ఆ వెంచర్ బ్రోచర్ నా దగ్గర ఉంది. అట్ట మీద ఏనుగు, దాని పక్కన గున్న, వెనకాల సూర్యోదయం. నాలుగో పేజీలో సౌకర్యాల పట్టిక ఉంటుంది: క్లబ్‌హౌస్, ఈతకొలను, చుట్టూ సోలార్ కంచె. అట్ట మీది ఏనుగు నాలుగో పేజీలోకి రాకుండా ముందే జాగ్రత్త పడ్డారన్నమాట.

డిసెంబరులో ఒక శనివారం ఫోన్ చేశాడు. "బావా, వన్యప్రాణి సంరక్షణలో ప్రైవేటు భూయజమానుల భాగస్వామ్యం మీద ప్లానింగ్ మీటింగ్. పెద్ద హోటల్. నువ్వు రాస్తుంటావుగా, రా." భోజనం ఉందన్నాడు. వెళ్లాను.

అసలు ఆలోచనలో తప్పేమీ లేదు, ముందే చెప్పేస్తున్నాను. బన్నేరుఘట్ట నేషనల్ పార్కు 260 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అదీ సన్నగా పొడుగ్గా. ఏనుగుల మందకు అది ఏ మూలకు? అడవి దాటితే పొలం, పొలానికి ఎవరో ఒక యజమాని. ఆయనతో కూర్చుని మాట్లాడక తప్పదు. మన వన్యప్రాణి చట్టంలోనే 2002 సవరణతో కమ్యూనిటీ రిజర్వు అనేది వచ్చింది. సొంత భూమి ఉన్నవాళ్లు ఇష్టపడి ముందుకొస్తే ఆ భూమిని జంతువులకూ పక్షులకూ రక్షిత ప్రాంతంగా ప్రకటించవచ్చు. హాల్లో ఈ మాట రాగానే వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తి, "ప్రకటించాక రీసేల్‌కు ఏమైనా ఇబ్బందా?" అని అడిగాడు. ఆ చర్చ అక్కడితో సరి.

తర్వాత కన్సల్టెంటు గారు అమెరికా స్లైడు వేశారు. అక్కడ 1973లో అంతరించిపోతున్న జాతుల చట్టం వచ్చింది. ముసలి పైన్ చెట్లలో తొర్ర తొలుచుకునే ఒక వడ్రంగి పిట్ట ఆ జాబితాలో ఉంది. తన చెట్ల మీద ఆ పిట్ట వాలితే కలప కొట్టుకోవడానికి ఆంక్షలు వస్తాయని భయపడి కొందరు యజమానులు చెట్లు ముదరకముందే నరికేశారు. అప్పుడు 1995లో నార్త్ కరోలినాలో ఒక ఒప్పందం మొదలుపెట్టారు. ఇవాళ మీ భూమిలో ఎన్ని పిట్టలున్నాయో లెక్క రాసుకుందాం. మీరు అడవిని బాగుచేశాక ఇంకొన్ని వచ్చి చేరితే, వాటి పేరు చెప్పి మీ మీద కొత్త ఆంక్షలు పెట్టం, అని. తెలివైన ఏర్పాటే.

మా బావమరిది కళ్లు మెరిశాయి. "అంటే బావా, లెక్క రాసే రోజు మా ప్లాటులో ఏనుగు లేకపోతే బేస్‌లైన్ జీరో కదా?" ఏనుగులు వచ్చేది రాత్రి. లెక్కకు వీలైన టైము ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అని హాలంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది.

ఇంతలో తెర మీదికి మ్యాపు వచ్చింది. ఏనుగులు ఒక అడవి ముక్కలోంచి ఇంకో ముక్కకు పోయే దారిని పసుప్పచ్చ గీతతో చూపించారు. ఆ గీత వెంచర్ ఫేజ్ టూ ఈతకొలను మీదుగా పోతోంది.

హాల్లో నిశ్శబ్దం. ఒకాయన గొంతు సవరించుకుని, "ఆ దారికి ఖాతా ఉందా?" అన్నాడు. ఇది బెంగళూరు. ఖాతా అంటే ఇక్కడ ఆస్తిపన్ను రికార్డులో పేరు; అన్నీ సక్రమంగా ఉంటే ఏ, లేకపోతే బి. ఎవరి ఉనికికైనా మొదటి ప్రశ్న ఇదే. ఏ ఖాతానా, బి ఖాతానా? సాగుభూమి నుంచి కన్వర్షన్ అయిందా? తరతరాలుగా ఏనుగులు అక్కడే నడుస్తున్నాయండీ అని కన్సల్టెంటు నసిగాడు. వాడుకలో ఉంటే చాలదు, రిజిస్ట్రేషన్ ఉండాలి అన్నారు. గీతను పక్క సర్వే నంబరుకు జరపమన్నారు. జరిపితే అటు పక్కవాళ్లు లేచారు. చివరికి రిటైరైన ఒక పెద్దమనిషి రాజీ కుదిర్చాడు: రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా గేటు తెరుద్దాం, కానీ సెక్యూరిటీ యాప్‌లో విజిటర్ ఎంట్రీ పడాల్సిందే. మరి ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తుంది? అటవీ రేంజ్ అధికారి, ఆర్‌ఎఫ్‌ఓ గారి ఫోనుకు. రాత్రి రెండింటికి ఆయన ఎత్తకపోతే? ఏనుగు గేటు దగ్గరే ఆగాలి. గున్న ఏనుగుకు విడిగా ఎంట్రీ కావాలా? తల్లితో వస్తే అక్కర్లేదు. లద్దె ఎవరు తీస్తారు? అది మెయింటెనెన్స్ కిందికి వస్తుందా రాదా అన్న దాని మీద అరగంట నడిచింది. ఒకావిడ దాన్ని ఆర్గానిక్ కంపోస్టు చేసి మెంబర్లకు కిలో లెక్కన అమ్ముదామంది. చప్పట్లు.

నవ్వుకుంటున్నారా? ఇంతకంటే పెద్ద హాస్యం గెజిట్లో ఉంది. పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలం, అంటే కట్టడాల లాంటి వాటి మీద ఆంక్షలుండే పట్టీ, 268.96 చదరపు కిలోమీటర్లు ఉండాలని 2016 ముసాయిదా. 2020లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి 168.84. వంద చదరపు కిలోమీటర్లు ఎటుపోయాయో గానీ, అభ్యంతరాల గడువులో ఏ ఏనుగూ అర్జీ పెట్టుకున్నట్టు లేదు.

వెనక కుర్చీలో, మంచినీళ్ల సీసాల బల్ల పక్కన, ఒక ముసలాయన మొదటి నుంచీ కూర్చుని ఉన్నాడు. ఆనేకల్ వైపు రైతు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో తెలుగే, కాస్త కన్నడం కలిపి. ఆయన్ని మాట్లాడమని రెండు నిమిషాలిచ్చారు. కన్నడంలో మాట్లాడాడు. ముందు వరస ఫోన్లు చూసుకుంది. టీ దగ్గర నేను అడిగితే తెలుగులో మళ్లీ చెప్పాడు. "ముందు నాలుగు చేన్ల మీదుగా పోతుండె సామీ. తలా కొంచెం తింటుండె. ఇప్పుడు ఆ పక్క కరెంటు కంచె ఏసినారు. అన్నీ నా చేన్లోకే తిరుక్కుంటాయి." రెండెకరాల రాగి. కోతకు వచ్చింది. అరచెయ్యి చాపి చూపించాడు, ఒక్కో అడుగు పడినచోట ఇంత గుంట, పొద్దున్నే నీళ్లు నిలిచి ఉంటాయట. పరిహారం అడిగావా అంటే నవ్వాడు. అర్జీ పెట్టాడు, ఫొటోలిచ్చాడు, గార్డు వచ్చి మహజర్ రాసుకుపోయాడు. కానీ పహణి, అంటే భూమి రికార్డు, ఇంకా తాత పేరు మీదే ఉంది. కాగితం ప్రకారం ఆ చేను ఈయనది కాదు.

అంటే ఆ హాల్లో భూయజమాని కానిది ఈయనొక్కడే. నలభై ఏళ్లుగా ఏనుగులకు మేత పెట్టినవాడు యజమాని కాదు. కంచె వేసి వాటిని ఈయన మీదికి తోలినవాడు సంరక్షణలో భాగస్వామి. వాడికి మొమెంటో, వాడికి స్లైడు, వాడికి మైకు. థూ! ఎవరి అడవి, ఎవరి తిండి, ఎవడికి సర్టిఫికెట్టు? చలిలో మంచె మీద టపాకాయలు పట్టుకుని కూర్చునేవాడి రెండెకరాలు తొక్కించి, దానికి సహజీవనం అని పేరు పెట్టడానికి నోరెలా వచ్చిందయ్యా మీకు?

భాగస్వామ్యం చూడాలంటే మైసూరు రోడ్డులో పొండి, మద్దూరు దగ్గర కొక్కరె బెళ్లూరుకు. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు అంటారు వాటిని ఆ ఊళ్లో. చేపల కంపు, వాకిలంతా రెట్టలు, చింతపండు మీద ఆశ వదులుకోవడం, అన్నీ భరించారు. కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించింది 2007లో. చెట్టు కొట్టకుండా ఉన్నది అంతకు ఎంతో ముందు నుంచి. మన శ్రీకాకుళం తేలినీలాపురంలోనూ ఇదే కథ. వీళ్లెవరికీ బ్రోచర్ లేదు. ఆ రోజు స్లైడ్లలో కూడా లేరు. నార్త్ కరోలినా ఉంది.

సాయంత్రం సన్మానం పెట్టారు. ఒక అసలైన రైతుకు ఆకుపచ్చ శాలువా కప్పి గ్రూప్ ఫొటో దిగాలని కార్యక్రమంలోనే రాసుకున్నారట. ముసలాయన కోసం వెతికారు. అప్పటికే వెళ్లిపోయాడు. చీకటి పడేలోగా ఊరు చేరాలి, వాళ్లొచ్చే టైమవుతుంది సామీ అని నాతో చెప్పి, మంచె మీదికి పనికొస్తాయని రెండు నీళ్ల సీసాలు సంచిలో వేసుకుని, అయిదింటి బస్సుకు పోయాడు.

ఫొటోగ్రాఫర్ తొందరపెడుతున్నాడు. చివరికి ఆ శాలువా మా బావమరిది భుజాల మీద కప్పి కానిచ్చేశారు.