ఎక్స్‌ఎంఆర్‌వీ ఉదంతం

దీర్ఘకాలిక అలసట వ్యాధిగ్రస్తుల రక్తంలోని జన్యుపదార్థాన్నంతటినీ సీక్వెన్సింగ్ చేస్తే (అంటే జన్యుక్రమాన్ని చదివితే) అసలు కారకమైన వైరస్ బయటపడక తప్పదని ఈ వ్యాధిపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాశారు. ఆశ సమంజసమే గాని, అమెరికాలో జరిగిన ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ ఉదంతాన్ని ప్రస్తావించకపోవడం లోపమే. ఈ రెట్రోవైరస్ (తన జన్యువులను ఆతిథేయి కణాల డీఎన్ఏలో చేర్చే రకం వైరస్) 101 మంది రోగుల్లో 68 మందికి, ఆరోగ్యవంతులు 218 మందిలో 8 మందికి ఉందని 2009లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. తమ బాధను ఎవరూ నమ్మడం లేదని కుమిలిపోతున్న రోగులకు అది ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. తీరా చూస్తే, 1990లలో ప్రోస్టేట్ క్యాన్సర్ కణితిని ఎలుకల్లో పెంచుతున్నప్పుడు, ఎలుకల జన్యుపదార్థంలో అంతకుముందే ఉన్న రెండు వైరస్‌ల భాగాలు కలిసి ఇది పుట్టిందని, నమూనాల్లోకి ప్రయోగశాలల నుంచే చేరిందని 2011లో తేలింది. ఆ డిసెంబరులోనే ‘సైన్స్’ పత్రిక ఆ పరిశోధన పత్రాన్ని ఉపసంహరించుకుంది. మరుసటి ఏడాది అమెరికా వైరస్ పరిశోధకుడు ఇయాన్ లిప్కిన్ బృందం 147 మంది రోగుల నమూనాలను, ఏది ఎవరిదో పరీక్షకులకు తెలియనీయకుండా పరిశీలించినా, ఒక్కరిలోనూ వైరస్ జాడ దొరకలేదు.

పొరపాటును పట్టిచ్చింది కూడా జన్యుక్రమ విశ్లేషణే అన్నది నిజం. అయితే పరీక్షలో వాడే రసాయనాల్లోని బాక్టీరియా డీఎన్ఏను సైతం చదివేసే ఈ పద్ధతిలో, ఉత్త నీటిని కూడా నమూనాగా పెట్టి పోల్చి చూడనిదే ఏ ఫలితాన్నీ నమ్మలేం.

మరో చిక్కు సమయానిది. ఆస్ట్రేలియాలోని డబ్బోలో ఎప్‌స్టీన్-బార్ వైరస్, క్యూ ఫీవర్ (ఒక బాక్టీరియా జ్వరం), రాస్ రివర్ వైరస్‌లలో ఏదో ఒకటి సోకిన 253 మందిని మొదటి నుంచీ గమనించగా, ఏది సోకినవారైనా దాదాపు 12 శాతం మందిలో ఆరు నెలల తర్వాతా ఈ వ్యాధి లక్షణాలు కనిపించాయి. ఏళ్ల తర్వాత తీసిన రక్తంలో ఆ సూక్ష్మజీవి ఇంకా ఉండాలన్న నియమమేమీ లేదు.