సవరణ: బరువు గడిని పరీక్షించడానికి ఈజ్‌డిజిట్ చాలదు

చిత్తూరు మామిడి మండీ తూకం చీటీలను పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోకి ఎక్కించడం గురించి మొన్న రాస్తూ, బరువు గడిలో ఉన్నది సంఖ్యేనా అని చూడటానికి ఈజ్‌డిజిట్ (isdigit) అనే మెథడ్ చాలన్నాను. అది తప్పు.

ఈజ్‌డిజిట్ చూసేది స్ట్రింగ్‌లోని, అంటే అక్షరాల వరుసలోని, ప్రతి అక్షరమూ అంకెనా అన్నదే. తోతాపురి లోడు 12.5 టన్నులుంటే చుక్క వల్ల ఫాల్స్ (కాదు) అంటుంది. తరుగు -3 అని ఉన్నా అంతే. పైగా చదరపు మీటరు పక్కన వేసే చిన్న ² గుర్తుకు మాత్రం ట్రూ (అవును) అంటుంది, దాన్నే పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్‌కు ఇస్తే వాల్యూఎర్రర్ అనే లోపం వస్తుంది! (తెలుగు అంకెల్లో ౧౨ అని కొడితే రెండింటా నెగ్గి శుభ్రంగా 12 అవుతుంది.)

లోపం వచ్చినా పట్టుకునే ట్రై బ్లాకులో, దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్‌కు ఇచ్చి చూడండి. వాల్యూఎర్రర్ వస్తే సంఖ్య కాదు. 12,500 లాంటివాటిలో కామా ముందే తీసేయాలి. ఎన్, ఏ, ఎన్ (nan, అంటే ‘సంఖ్య కాదు’) అని మూడక్షరాలు కొట్టినా ఫ్లోట్ మింగేస్తుంది కాబట్టి మామూలు పరిమిత సంఖ్యేనా అని చూసే, మ్యాథ్ మాడ్యూల్‌లోని ఈజ్‌ఫైనైట్‌తో ఇంకోసారి వడకట్టాలి.

ఇవన్నీ పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఉన్నవే, సరిచూసుకోకుండా రాశాను. పాత పద్ధతి వాడినవారికి దశాంశమున్న లోడులు జారిపోయి ఉంటాయి, మొత్తం మళ్లీ కూడుకోండి.