యాంటీ చీట్ అప్‌డేట్‌తో ఆట ఆగిపోతే తప్పు కొన్నవాడిదేనా?

ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్‌ను యాంటీ చీట్ అంటారు. “యాంటీ చీట్ వచ్చాక ఆట ఆగిందంటే వాడు చీటరై ఉండాలి, లేదా లినక్స్ వాడుతుండాలి. లినక్స్‌లో యాంటీ చీట్ ఎలాగూ నడవదు. నచ్చకపోతే రిఫండ్ ఉందిగా” అనే మాట తెగ షేర్ అవుతోంది. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

ముందు, విండోస్‌కు బదులు వాడే లినక్స్ సంగతి. జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో. తొమ్మిదేళ్లు దాటాక, 2024 సెప్టెంబర్ 17న దాని తయారీదారు రాక్‌స్టార్ దానికి బాటిల్‌ఐ అనే యాంటీ చీట్ చేర్చింది. అంతవరకూ లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్ అనే చేతి కంప్యూటర్‌లో ఆడుకున్నవాళ్లకు, నెట్‌లో నలుగురితో ఆడే జీటీఏ ఆన్‌లైన్ ఆ రోజుతో పోయింది. అయితే విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌లో బాటిల్‌ఐ నడిచే ఏర్పాటు 2021 నుంచే ఉంది. ఆట తయారుచేసినవాళ్లు అడిగితే బాటిల్‌ఐ వాళ్లు ఆ ఆటకు దాన్ని తెరుస్తారు. డేజెడ్, ఆర్మా 3 ఆటలు అలాగే నడుస్తున్నాయి. ప్రోటాన్‌లో అది విండోస్‌లోలా కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) లోపలికి వెళ్లలేదు కాబట్టి కాపలా పలచబడుతుందన్న వాదనలో బలం ఉంది. 2024 అక్టోబర్ 31న ఎపెక్స్ లెజెండ్స్‌కు లినక్స్ దారి మూసినప్పుడు, లినక్స్‌లో చీట్లను పట్టుకోవడం కష్టమనే దాని కంపెనీ ఈఏ కూడా చెప్పింది. అలాంటప్పుడు కంపెనీలు “మేం వద్దనుకున్నాం” అనాలి. “సాధ్యం కాదు” అనడం అబద్ధం.

జీటీఏ 5 మొత్తం పోయిందన్న ప్రచారమూ తప్పే. స్టోరీ మోడ్ ఆడొచ్చు. విండోస్‌లో బాటిల్‌ఐ ఇబ్బంది పెడితే రాక్‌స్టార్ లాంచర్ సెట్టింగ్స్‌లో ఈ ఆట పేజీకి వెళ్లి బాటిల్‌ఐ టిక్ తీసేయండి.

ఇక విండోస్‌లో చీటర్లకే ఇబ్బంది అన్న మాట. 2021లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 2042కు 2025లో, కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ తప్పనిసరైంది. ఒక్క చీట్ కూడా వాడనివాళ్లు పాత మదర్‌బోర్డుల దగ్గర ఆగిపోయారు. విండోస్ కీతో ఆర్ నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) తెరవండి. బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉన్నట్టే. డేటా బ్యాకప్ తీసి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. తర్వాత విండోస్‌లోనే ఉన్న, డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చే ఎంబీఆర్2జీపీటీని ముందు వ్యాలిడేట్‌తో, అది సరే అన్నాకే కన్వర్ట్‌తో నడపండి. డిస్క్‌లో 3కు మించి ప్రైమరీ పార్టిషన్లు (విభాగాలు) ఉంటే మార్చదు. ఇదంతా అయ్యాకే బయోస్‌లో, పాత పద్ధతి బూట్‌కు వీలిచ్చే సీఎస్‌ఎం ఆపి, సెక్యూర్ బూట్ పెట్టాలి. ముందే సీఎస్‌ఎం ఆపితే విండోస్ బూట్ అవ్వదు. యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతి తెలియని పాత గ్రాఫిక్స్ కార్డయితే తెర మీద బొమ్మే రాదు. అన్నీ సరిగ్గా చేసినా సెక్యూర్ బూట్ ఆఫ్ అనే చూపిస్తుంటే బోర్డు కీలు లేని సెటప్ మోడ్‌లో ఉండొచ్చు, బయోస్‌లో ఫ్యాక్టరీ కీలు లోడ్ చేయండి. ఒక ఆట తెరవడానికి మామూలు ఆటగాడు ఇంత చేయాలా? చేతకాకపోతే అది అతని నేరమా?

రిఫండ్ మాట మరీ అన్యాయం. ఆటలు అమ్మే స్టీమ్ హామీ ఇచ్చేది కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల్లోపు ఆడినదానికే. ఆ గడువు దాటాక అడగొచ్చు, ఇస్తారన్న భరోసా లేదు. కెర్నెల్ యాంటీ చీట్ ఉంటే స్టోర్ పేజీలో చెప్పాలని 2024 అక్టోబర్‌లో స్టీమ్ పెట్టిన నిబంధన మంచిదే, కాని అది ఇకపై కొనేవాళ్లకే పనికొస్తుంది. ముందే డబ్బు కట్టినవాళ్లకు గడువు లెక్క ఆ అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి మొదలవ్వాలి.