‘నేనప్పుడే అనుకున్నా’ గారికి

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తలవడమెందుకు, నిన్న సాయంత్రమే మా వీధి చివర టీ బండి దగ్గర తమరి గొంతు నాలుగుసార్లు విన్నాను. అక్కడ కొత్తగా పెట్టిన కర్రీ పాయింట్ మూతపడింది. ‘తెరిచిన రోజే అనుకున్నా’ అన్నాడు ఒకాయన. ‘ఎదురుగా కరెంటు స్తంభం ఉంది చూశావా, అక్కడ ఏ షాపూ నిలబడదు’ అన్నాడు ఇంకొకాయన. ఇద్దరూ అదే షాపులో మూడు నెలలు పార్సిళ్ళు కట్టించుకున్నవాళ్ళే, స్తంభం కూడా అప్పుడు అక్కడే ఉంది. (గుత్తివంకాయ మాత్రం బాగుండేది, పాపం.) సరే, మనకున్న చనువుకి ఇంకా తమరూ గారూ ఎందుకులే, నువ్వు అనేస్తాను.

సైకాలజీ వాళ్ళు నీకు హైండ్‌సైట్ బయాస్ అని పేరు పెట్టారు. ఒక పని జరిగిపోయాక, అది అలాగే జరుగుతుందని మనకి ముందే తెలిసినట్టు అనిపించడం. నిన్ను మొదట గట్టిగా పట్టుకున్నవాడు బరూక్ ఫిష్‌హాఫ్ అనే సైకాలజిస్టు, 1975లో. పట్టుకోవడానికి అతను ఎంచుకున్న ఎర ఏమిటో తెలుసా, మన పక్కింటి యుద్ధం! 1814లో బ్రిటిష్ వాళ్ళకీ నేపాల్ గూర్ఖాలకీ మొదలైన పోరు. గూర్ఖాలు పన్నెండు వేల మంది, ధైర్యవంతులు, కొండలు వాళ్ళకి కొట్టినపిండి. బ్రిటిష్ అధికారులేమో మైదానాల్లో యుద్ధాలకి అలవాటుపడ్డవాళ్ళు, ఆ కొండల్లో శత్రువు ఎక్కడున్నాడో కనుక్కోవడమే కష్టం. ఇలా ఒక పేరా ఇచ్చి, ఒక గుంపుకి బ్రిటిష్ వాళ్ళు గెలిచారని చెప్పాడు, ఇంకో గుంపుకి గూర్ఖాలు గెలిచారని, మరో రెండు గుంపులకి ఎవరూ గెలవలేదనీ, అందులో ఒకదానికి సంధి కుదిరిందనీ రెండోదానికి కుదరలేదనీ. ఇప్పుడు ఫలితం మీకు తెలియదనుకొని, ఏది జరగడానికి ఎంత అవకాశం ఉండేదో చెప్పండి అన్నాడు. ఇంకేముంది, ఎవరికి ఏది చెబితే వాళ్ళకి అదే జరిగేలా కనిపించింది. పేరాలో ఏ మాట ముఖ్యమో కూడా ఫలితాన్ని బట్టే మారిపోయింది! అంటే గూర్ఖాలు గెలిచారని విన్నవాడికి కొండలే స్తంభం అన్నమాట.

అదే ఏడాది రూత్ బేత్ అనే ఆవిడతో కలిసి ఇంకో పని చేశాడు, నాకైతే ఇది మరీ నచ్చింది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకీ, తర్వాత రష్యాకీ వెళ్ళాడు కదా. వెళ్ళకముందే, అక్కడ ఏమేం జరగొచ్చో విద్యార్థుల చేత అంచనాలు రాయించి పెట్టుకున్నారు. ఆయన తిరిగొచ్చాక, అప్పుడు మీరేం రాశారో గుర్తు తెచ్చుకోండి అన్నారు. జరిగిన వాటికి అప్పట్లో వేసిన దానికంటే ఎక్కువ మార్కులే వేశామని చాలామందికి గుర్తొచ్చింది. వాళ్ళు అబద్ధం ఆడలేదు, నిజంగా అలాగే గుర్తుంది. నీతో వచ్చిన చిక్కే అది. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, నువ్వు ఏకంగా గుర్తులోకే దూరి చేతివాటం చూపిస్తావు.

ఊళ్ళో వాళ్ళ సంగతి ఎందుకు, నా సంగతే చెప్తాను. 2023 నవంబరు 19, ఆదివారం, అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్. అప్పటికి ఆడిన పదీ గెలిచి ఉన్నాం. రాత్రికి కథ తెలుసుగా, మనం 240కి ఆలౌట్, ట్రావిస్ హెడ్ 137, ఆరు వికెట్లతో ఓటమి. కింది ఫ్లోర్ ఆయన టీవీ కట్టేసి పైకి వస్తే మెట్ల మీదే చెప్పాను, ‘టాస్ ఓడిపోగానే అనుకున్నానండీ, ఆ పిచ్ చూస్తేనే అర్థమైపోయింది’ అని. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. గోడ క్యాలెండర్‌లో 19వ తేదీ గడిలో, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కన, ఆ పొద్దున నా చేత్తో నేనే రాసుకున్న రెండు మాటలు: ‘కప్పు మనదే’. దాని కింద రెండు గీతలు కూడా గీశాను.

గుర్తులేదు. ఒట్టు, రాసినట్టే గుర్తులేదు.

నీకు మన సామెతలు కూడా బాగా సాయం చేశాయిలే. త్వరపడి గెలిస్తే ఆలస్యం అమృతం విషం, త్వరపడి బోర్లాపడితే నిదానమే ప్రధానం. ఏం జరిగినా ఒకటి రెడీగా ఉంటుంది, దాంతోపాటు దాన్ని చెప్పే పెద్దాయన కూడా.

మా ఇంట్లో ఆ పెద్దాయన మా పెదనాన్న. చిన్నాన్న కూతురి పెళ్ళి రెండేళ్ళు తిరక్కుండా విడాకులదాకా వెళ్ళింది. ‘పెళ్ళిచూపుల్లో వాడు కాఫీ కప్పు పట్టుకున్న తీరు చూసే అనుకున్నారా’ అన్నాడు పెదనాన్న. అత్తయ్య జాతకాల దగ్గరే అనుకుందట. నేను కూడా, దాచడమెందుకు, ‘నాకూ కాస్త అనుమానంగానే ఉండేది’ అన్నాను, వాకబు చేసొచ్చి చాలా మంచివాడని ఇంటిల్లిపాదికీ ఫోన్లు చేసింది నేనే అయినా.

ఒకరోజు ఒళ్ళు మండి రిసెప్షన్ వీడియో పెట్టాను. బుగ్గన కిళ్ళీ, చేతిలో మైకు, పెదనాన్న: ‘వజ్రం లాంటి కుర్రాడు, మా అమ్మాయి అదృష్టం!’ అక్కడ ఆపి, ‘ఇదేంటి పెదనాన్నా?’ అన్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని టీవీలో తన మొహాన్ని తనే పరిశీలించుకుని, ‘ఆ నవ్వు చూడరా, అదసలు నవ్వేనా? లోపల అనుకుంటూనే ఉన్నాను, అయినా పెళ్ళిలో ఎలా చెప్తాం?’ అన్నాడు. ఆయన మొహంలో ఇంత అపరాధభావం కూడా లేదు. నీ శక్తికి అప్పుడు మనసులోనే దండం పెట్టాను.

కానీ నీ మీద నా కోపం పెదనాన్న గురించి కాదు. ఆ రాత్రి మేడ మీద బట్టలు తీస్తూ చెల్లి అన్న మాట గురించి. ‘అందరికీ ముందే తెలుసంట అన్నయ్యా. నాకొక్కదానికే తెలియలేదు.’ తెలిసి కూడా ఒక్కరూ చెప్పలేదే అని ఎవరి మీదా కోపం లేదు దానికి, తన తెలివితక్కువ మీదే. ఎవరికీ తెలియదే పిచ్చిదానా, అందరం ఆ రోజు రెండోసారి ఐస్‌క్రీమ్ వేయించుకుని తిన్నాం అని చెప్పాను. నమ్మలేదు. వాళ్ళత్తగారు మొదటి రోజే పలకరించిన తీరు, ఆ సంక్రాంతికి అతను రాకపోవడం, ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. కాఫీ కప్పుని కూడా ఆ లెక్కలో కలిపేసింది, ఆ కప్పు తను చూడనే లేదు.

మొన్న చెల్లికి ఇంకో సంబంధం వచ్చింది. కుర్రాడూ వాళ్ళ నాన్నా వచ్చి మాట్లాడి వెళ్ళారు, కాఫీలు అందరూ మామూలుగానే తాగారు. వాళ్ళ కారు మలుపు తిరగ్గానే నేనొక తెల్ల కాగితం, పెన్నూ తెచ్చి పెదనాన్న ముందు పెట్టాను. ‘నీకేమనిపిస్తోందో ఇప్పుడే రాసి, తేదీ వేసి సంతకం పెట్టు పెదనాన్నా’ అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, కాగితం వైపు కాసేపు చూశాడు.

‘ఒరేయ్, రేపేం జరుగుతుందో ఎవడికి తెలుసురా’ అని పెన్ను తీసి నా జేబులో పెట్టేశాడు. ఆ కాగితం మీద ఇప్పుడు పెద్దమ్మ పాల లెక్క రాసుకుంటోంది.

ఇట్లు,
క్యాలెండర్ సాక్షిగా నీ పాత ఖాతాదారు