నడవగలిగే పిల్లవాడికి వరుసలో వెసులుబాటు ఎందుకు?

“నడవగలడు కదండీ?” అని అడిగాడు గేటు దగ్గరి ఉద్యోగి. ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. మా అక్క వాడి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూపిస్తోంది. పక్కన, ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల మా మేనల్లుడు రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, దూరంగా గుండ్రంగా తిరుగుతున్న రైడ్‌ను కన్నార్పకుండా చూస్తున్నాడు. నగర శివార్లలోని ఒక వినోద పార్కు, వేసవి సెలవుల్లో ఆదివారం. వీల్‌చైర్‌లో వచ్చేవారికి వేరే దారి ఉందనీ, బాబు నడుస్తున్నాడు కాబట్టి అందరితో పాటు వరుసలోనే రావాలనీ ఆయన మర్యాదగానే చెప్పాడు.

వరుసలో నిలబడ్డాం. ఇనుప కమ్మీల మధ్య మెలికలు తిరిగే ఆ వరుసలో ఇంకా ఎంత దూరం మిగిలిందో కనిపించదు. నెత్తిన రేకుల కప్పు, దాని కింద స్పీకర్లలో సినిమా పాటలు, పక్కన అలల కొలనులోంచి కేకలు, వెనకవాళ్ల తడిబట్టలు వీపుకు రాసుకోవడం. 25 నిమిషాలు గడిచేసరికి వాడు నేల మీద కూలబడి తలను కమ్మీకి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. “రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది” అన్నాడు వెనక నుంచి ఒకాయన. “గారాబం ఎక్కువైతే ఇంతే” అంది మరొకావిడ. అక్క ఎవరికీ జవాబు చెప్పలేదు. వాడి తలకూ ఆ కమ్మీకీ మధ్య తన అరచెయ్యి అడ్డుపెట్టి అలాగే కూర్చుంది.

ఆ ఉద్యోగి అడిగిన ప్రశ్నను అప్పటి నుంచి మోస్తున్నాను. వైకల్యం అనగానే మన కళ్ల ముందు కాళ్లే కనిపిస్తాయి. కళ్లు, చెవుల దాకా కూడా కొంత అర్థమవుతుంది. చెవులు సరిగ్గా వినిపిస్తూ, అదే భరించలేని బాధ అయ్యే పిల్లవాడు మాత్రం మనకు ‘మొండివాడు’గానే కనిపిస్తాడు. మొండికేసిన పిల్లవాడు కోరింది చేతికందగానే ఊరుకుంటాడు, ఎవరు చూస్తున్నారో ఓ కంట కనిపెడుతూనే ఉంటాడు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు మెల్ట్‌డౌన్ అని పిలిచేది అలా ఉండదు. శబ్దం, వెలుతురు, తాకిడి అన్నీ కలిసి తట్టుకోగలిగిన హద్దు దాటినప్పుడు మనసూ ఒళ్లూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. ఆ క్షణంలో రైడ్ ఎక్కిస్తామన్నా అది ఆగదు.

ఈ సంగతి వైద్యులకు కూడా నిబంధనగా రాయడానికి సమయం పట్టింది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే రోగ నిర్ధారణ గ్రంథంలో, శబ్దం, స్పర్శ వంటివాటికి అతిగానో అల్పంగానో స్పందించడాన్ని ఆటిజం నిర్ధారణకు చూసే లక్షణాల్లో చేర్చారు. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి వాటిలో ఆటిజాన్ని చేర్చింది. 1995 నాటి పాత చట్టం చెప్పిన ఏడింటిలో దానికి చోటే లేదు కాబట్టి ఇది పెద్ద అడుగే. అయితే కొత్త చట్టం ఇచ్చిన నిర్వచనంలో సంభాషణ ఉంది, సంబంధ బాంధవ్యాలు ఉన్నాయి, పదేపదే చేసే చేష్టలు ఉన్నాయి. ఇంద్రియాల ఊసు లేదు. విచిత్రమేమిటంటే, మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలిచే ఐఎస్ఏఏ అనే కొలమానం తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థలోనే. అందులోని 40 అంశాలను ఆరు విభాగాలు చేస్తే, ఒక విభాగం మొత్తం ఇంద్రియాలకు సంబంధించినదే. అంటే ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు చెవుల బాధను లెక్కలోకి తీసుకుంటాం. ఆ పత్రం పట్టుకుని బయటికొచ్చాక అది ఎవరికీ అక్కర్లేదు.

వరుసలో వాడిని కూలదోసింది నిరీక్షణ ఒక్కటే అని నేను అనుకోవడం లేదు. మా మేనల్లుడు రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి 5.40కి మలుపు తిరిగే బస్సు కోసం ఎదురుచూస్తాడు. అరగంట ముందే వెళ్లి నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ, ప్రశాంతంగా ఉంటాడు. ఎప్పుడొస్తుందో తెలిసిన బస్సు కోసం నిలబడటం వేరు. ఎప్పుడు ముగుస్తుందో తెలియని రొదలో, కదలడానికి వీల్లేకుండా ఇరుక్కుపోవడం వేరు. పార్కులు మార్చవలసింది ఈ రెండో దాన్ని.

మార్చడం సాధ్యమేనా అంటే, సాధ్యమైన చోటు ఒకటుంది, అక్కడి చరిత్రలో మనకు పాఠాలూ ఉన్నాయి. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో బయలుదేరే తెలుగు కుటుంబాల్లో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు టికెట్ల తర్వాత మొదట చూసుకునేది డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్, క్లుప్తంగా డాస్. ఒక రైడ్‌కు వరుస గంట ఉంటే, దాదాపు గంట తర్వాత రమ్మని ఒక సమయం ఇస్తారు. ఆ గంట చెట్టు నీడలో గడపవచ్చు, ఏదైనా తినవచ్చు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఓ మూల కూర్చోవచ్చు. చెప్పిన సమయానికి వస్తే వేరే దారిలో లోపలికి పంపుతారు. తిరుమలలో సర్వదర్శనం టైంస్లాట్ టోకెన్ తీసుకున్న ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చోవడానికీ, టోకెన్ మీద సమయం చూసుకుని వెళ్లడానికీ ఉన్న తేడాయే ఇది. ఎదురుచూపు అంతే ఉంటుంది, ఎదురుచూసే చోటు మారుతుంది.

డిస్నీలో 2013 అక్టోబరు దాకా దీనికంటే ఉదారమైన కార్డు ఉండేది. చాలాసార్లు దాదాపు వెంటనే లోపలికి వెళ్లే వీలుండేది. డబ్బున్న కొందరు వికలాంగులైన గైడ్లను రోజు కూలికి కుదుర్చుకుని వరుసలు దాటుతున్నారని ఆ ఏడాది వార్తలు వచ్చాయి, కార్డు పోయింది, డాస్ వచ్చింది. తమ పిల్లలకు కాలం అంటే అర్థం కాదని, పార్కులో ఎప్పుడూ ఒకే క్రమంలో తిరగకపోతే కుప్పకూలిపోతారని, తిరిగి రమ్మనే ఈ పద్ధతి వారికి పనికిరాదని ఆటిజం ఉన్నవారి కుటుంబాలు 2014లో కోర్టుకెక్కాయి. 2018లో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చకుండా విచారణ జరపమంది. 2020లో ఫ్లోరిడా న్యాయమూర్తి కంపెనీ పక్షాన తీర్పునిచ్చారు. వారు కోరినన్ని తక్షణ ప్రవేశాలు ఇస్తే పార్కు నడిచే తీరే మారిపోతుందన్నారు. ఆ తల్లిదండ్రుల బాధ నిజమైనదే. అయినా తీర్పులోని ఆ మాటను నేను కాదనలేను. నా వాదన కూడా ముందు పంపమని కాదు గనక.

2024లో మరో మలుపు. ఐదేళ్లలో డాస్ వాడకం మూడింతలు దాటిందని చెప్పి డిస్నీ తలుపు సగం మూసింది. ఇకపై ఆటిజం వంటి వికాస సంబంధ వైకల్యం వల్ల మామూలు వరుసలో ఎక్కువసేపు నిలవలేనివారికే అంది. మే 20 నుంచి ఫ్లోరిడాలో, జూన్ 18 నుంచి కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చింది. వీడియోలో ముఖాముఖి ఉంటుంది, అబద్ధం చెప్పినట్లు తేలితే పార్కులోకి శాశ్వతంగా రానివ్వరు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు మొదట ఊపిరి పీల్చుకుని ఉంటారు. నాకు మాత్రం ఇది సంతోషించే విషయంగా తోచలేదు. పేగుల జబ్బుతో ఏ నిమిషాన మరుగుదొడ్డికి పరిగెత్తాలో తెలియని మనిషికి, నిలబడితే కళ్లు తిరిగి పడిపోయే మనిషికి కూడా ఆ వరుస అంతే క్రూరమైనది. బాధల మధ్య పోటీ పెట్టి, ఒకరి బాధను అసలైనదిగా ముద్రవేయడం న్యాయమనిపించుకోదు. ఆ గొడవ తర్వాత కోర్టుకూ చేరింది.

ఇలాంటి వెసులుబాటు మాట ఎత్తగానే వినిపించే అభ్యంతరం ఒకటుంది. “మిగతా పిల్లలు ఎండలో నిలబడాలి, మీవాడికి మాత్రం ప్రత్యేకమా?” ఈ మాట అనేవారు ఆ పక్కనే ఉన్న బోర్డును చూడాలి. డిస్నీలో డబ్బు కట్టి వరుస దాటే టికెట్ అమ్ముతారు. మన దగ్గర పెద్ద పార్కుల్లోనూ ఫాస్ట్ ట్రాక్ టికెట్లున్నాయి. అదనంగా కట్టినవాడు ముందుకు నడిచి వెళ్తుంటే వరుసలోని ఎవరూ పెంపకం గురించి మాట్లాడరు. ఒక ఉద్యోగి, ఒక పక్కదారి, ఒక టోకెన్ ఉంటే ఈ పని జరుగుతుందని ఆ టికెట్ రోజూ రుజువు చేస్తోంది. పర్సు మందాన్ని బట్టి మనుషులను ముందుకు పంపగలిగిన వ్యవస్థ, గంట తర్వాత రమ్మని చీటీ మీద సమయం రాసివ్వలేనంటే నేను నమ్మను.

దొంగచాటుగా వాడుకునేవాళ్ల సంగతేమిటి? ఉంటారు. చీటీ తీసుకుని, ఆ గంటలో మరో వరుసలో నిలబడి రెండు రైడ్లు ఎక్కేవారుంటారు. ఆ మేరకు లాభం ఉంది, అంతకు మించి లేదు. ఇంత చిన్న లాభం కోసం ఇంత పెద్ద కాపలా ఎందుకు? పైగా అమెరికాలో లేనిది మన దగ్గర ఒకటుంది. సదరం పత్రమో, దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీయో చాలామంది చేతుల్లో ఉంది. కార్డు ఉన్నవారిని ప్రశ్నించకుండా పంపవచ్చు. ‘పిల్లవాడి మీద ముద్ర పడుతుంది’ అన్న భయంతో కార్డు తీసుకోని కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి మాటను నమ్మండి అంటాను. వేలమందిలో నిలబడి తమ బిడ్డకు ఆటిజం ఉందని ఊరికే చెప్పుకునే తల్లిని నేనింతవరకు చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021కి వేసిన అంచనాలో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ లెక్కన 5 వేల మంది వచ్చిన రోజున పార్కులో దాదాపు 40 మంది ఉండాలి. ఉండరు. ఒకసారి వచ్చి, ఆ చూపులు భరించి, ఇక చాలనుకున్న కుటుంబాలవి. వాళ్లు రావడం లేదు కాబట్టి అవసరమే లేదని యాజమాన్యాలు అనుకుంటాయి, అవసరం గుర్తించలేదు కాబట్టి వాళ్లు రారు.

వరుస తర్వాత నన్ను ఎక్కువగా భయపెట్టేది నీళ్లు. అమెరికాలో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా పెద్దల చేయి విడిపించుకుని వెళ్లిపోయే ప్రయత్నం చేశారు. అలా వెళ్లిన పిల్లలను నీళ్లు లాగుతాయి. అలల కొలనులు నిండిన పార్కులో చేతికి ఫోను నంబరు ఉన్న పట్టీ కట్టడం తల్లిదండ్రుల వంతు. పిల్లవాడు తప్పిపోయాడన్న కబురు అందగానే ముందు కొలనుల వైపు పరిగెత్తాలని సిబ్బందికి నేర్పడం పార్కు వంతు.

మిగతావి చవకైన పనులు. పెన్సిల్వేనియాలోని సెసమీ ప్లేస్ 2018లో సిబ్బందికి ఆటిజంపై శిక్షణ ఇచ్చి ధ్రువీకరణ పొందిన తొలి థీమ్ పార్కు. అక్కడ ప్రతి రైడ్ దగ్గరా శబ్దం ఎంత, వెలుతురు ఎంత, తాకిడి ఎంత అని పదికి మార్కులు వేసి చెబుతారు. ఆ పట్టిక తయారు చేయడానికి ఒక మనిషి, రెండు రోజులు, ఒక కాగితం చాలు. స్పీకర్ లేని ఒక చల్లని గది, కింద చాప. మరుగుదొడ్లలో చెవులు పగిలేలా మోగే చేతులారబెట్టే యంత్రాల బదులు కాగితపు రుమాళ్లు. ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం దినం నాడు ఉచిత ప్రవేశం, బెలూన్లు, ఫొటోలు పెట్టడం కంటే ఇవి ఎక్కువ పనికొస్తాయి. ఏడాదికి ఒక రోజు మా వాడిని వేరుగా పిలిచి సన్మానించమని అక్క అడగడం లేదు. మిగతా రోజుల్లో తన చెల్లెలితో కలిసి రానివ్వమంటోంది.

చట్టం ఈ అడుగు వేయమనే చెబుతోంది. 2016 చట్టంలోని 46వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలతో పాటు ప్రైవేటు సేవా సంస్థలకూ వర్తిస్తుంది. నిబంధనలు వచ్చిన రెండేళ్లలోగా సేవలను అందరికీ అందుబాటులోకి తేవాలంటుంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2019లోనే తీరిపోయింది. దివ్యాంగులకు అందుబాటు కోరుతూ రాజీవ్ రాటూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న, ఆ నిబంధనల్లోని 15వది సలహాల స్థాయి దాటడం లేదని, చట్టానికి అది విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. నా ఆందోళన ఏమిటంటే, ప్రమాణం అనగానే ర్యాంపు వాలు, తలుపు వెడల్పు గుర్తొస్తాయి, టేపు పెట్టి కొలవవచ్చు కాబట్టి. శబ్దాన్నీ డెసిబెల్స్‌లో కొలవవచ్చు, నిరీక్షణనూ నిమిషాల్లో కొలవవచ్చు. రాంచీ విమానాశ్రయంలో 2022 మేలో ఒక దివ్యాంగ బాలుడిని విమానం ఎక్కనివ్వనప్పుడు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ విమాన సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా వేసి, తర్వాత నిబంధనలనే సవరించింది. వినోద పార్కులకు అనుమతులిచ్చే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు అంతదాకా ఆగకుండానే అనుమతి పత్రంలో ఒక షరతు చేర్చవచ్చు.

ఈ దసరా సెలవుల్లో మళ్లీ వెళ్దామని అక్క అంటోంది. ఈసారి బుధవారం, గేటు తెరిచే వేళకు. మేనల్లుడి కోసం ఇద్దరం కూర్చుని అట్టముక్కల మీద బొమ్మలు గీశాం. కారు, గేటు, టికెట్టు, వరుస, గుండ్రంగా తిరిగే రైడ్, పెరుగన్నం, ఇల్లు. వాడు వాటిని రోజూ నేల మీద వరుసగా పేర్చుకుంటున్నాడు. ప్రతి బొమ్మ కింద ఎన్ని నిమిషాలో రాయాలని వాడి పట్టు. అన్నీ రాశాం. వరుస బొమ్మ కింద గడి ఖాళీగా ఉంది. వాడు రోజూ ఆ అట్టముక్క పట్టుకొచ్చి, పెన్సిల్ అక్క చేతికిస్తున్నాడు.