మావాడికి ఓటు కావాలి, గూర్ఖాకు వద్దు

పౌరులు కానివారికి ఓటు హక్కు ఉండాలా, వద్దా అన్న గహనమైన ప్రశ్నను హనుమకొండలోని మా కాలనీ సంక్షేమ సంఘం ఇటీవల ఒక్క సాయంత్రంలో, రెండు విడతల చాయ్‌తో తేల్చివేసింది. అమెరికాలో ఉండాలి, ఇక్కడ ఉండరాదు. ఈ తీర్మానం రెండు నాలుకలదని కొందరు కుర్రవాళ్ళు గొణిగినందువల్ల, సంఘం కార్యదర్శిగా దానిని సమర్థించే భారం నామీద పడింది.

మొదట అమెరికా సంగతి. మా అధ్యక్షులవారి పెద్దకొడుకు పదకొండేళ్ళుగా న్యూయార్క్‌లో ఉంటూ గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి ఉన్నాడు. ఏటా ఇచ్చే కార్డులలో ఏ ఒక్క దేశంవారికీ ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం పుణ్యమా అని ఆ వరుస మేడారంలో గద్దెల దగ్గరి వరుసకన్నా నెమ్మదిగా కదులుతున్నది. 2021 డిసెంబరులో ఆ నగర మండలి, గ్రీన్‌కార్డో పని అనుమతో ఉండి 30 రోజులు అక్కడ నివసించినవారు నగర ఎన్నికలలో ఓటు వేయవచ్చునని తీర్మానించింది. సుమారు 8 లక్షల మందికి ఓటు వచ్చేది. అధ్యక్షులవారు ఆనాడు కాలనీకంతా మిఠాయి పంచారు. 2022లో కింది కోర్టు, 2025 మార్చిలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేశాయి. రాష్ట్ర రాజ్యాంగంలోని ‘పౌరుడు’ అన్న మాటకు పౌరుడనే అర్థమట! "పన్ను గుంజుకునేటప్పుడు పౌరుడివా అని అడగరు, ఓటు కాడికి వచ్చేవరకు అడుగుతరా?" అంటూ అధ్యక్షులవారు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇంగ్లండువారి ధర్మబుద్ధి వేరు. కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చి చట్టప్రకారం నివసించేవారికి వారు ఏకంగా పార్లమెంటు ఎన్నికలలోనే ఓటిస్తారు. మా వెనుక వరుసలోని పిల్లవాడు లెస్టర్‌లో చదువుకుంటూ, రాత్రిళ్ళు గోదాములో డబ్బాలు మోస్తూ, 2024 జూలై 4న భారత పాస్‌పోర్టు చూపించి అక్కడ ఓటు వేసి వచ్చాడు. అదే ఏడాది మే 13న మన లోక్‌సభ ఎన్నికకు వచ్చిన అతని ఓటరు స్లిప్పు మాత్రం ఇంట్లో టీవీ పక్కన, కరెంటు బిల్లుల కింద పడి ఉన్నది. ప్రవాసంలో ఉన్న పౌరులకు 2010లో మన చట్టం కూడా ఓటిచ్చింది కాని, స్వయంగా పోలింగు కేంద్రానికి వచ్చి వేయాలన్నది. జగిత్యాల, సిరిసిల్ల నుంచి మస్కట్‌కు, దుబాయికి పోయినవారికి విమానం టికెట్టులో ఓటు పైకం ఏ మూలకూ చాలదు.

ఇక ఇక్కడి సంగతి. మా కాలనీలో పౌరుడు కాని నివాసి ఒక్కడే, నేపాల్ నుంచి వచ్చిన గూర్ఖా. 22 ఏళ్ళుగా రాత్రి పన్నెండు దాటిన తరువాత కర్రతో కరెంటు స్తంభాన్ని కొట్టి, ఈల వేసి, మేము దొంగలకు భయపడనక్కరలేదని మమ్మల్ని నిద్రలేపి మరీ చెప్పి పోతాడు. 1950 నాటి భారత–నేపాల్ ఒప్పందం ప్రకారం అతడు ఇక్కడ ఉండవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, ఇల్లు కూడా కొనుక్కోవచ్చు. రాజ్యాంగంలోని 326వ అధికరణం ప్రకారం ఓటు మాత్రం వేయరాదు. రాజ్యాంగంలో ‘పౌరుడు’ అంటే పౌరుడే కనుక ఈ విషయంలో మాకు ఏ బాధా లేదు. అన్నం కూడా వేళకు తింటున్నాము.

కుర్రవాళ్ళు ఊరుకోలేదు. నిజాం కాలంలో 1919 నాటి నిబంధనల ప్రకారం 15 ఏళ్ళు ఇక్కడ స్థిరపడితే ముల్కీయే, అంటే స్థానికుడే కదా, 1952లో నాన్‌ముల్కీలకు వ్యతిరేకంగా ఉద్యమం లేచింది ఈ వరంగల్లులోనే కదా, ఆ లెక్కన గూర్ఖా మనకన్నా పక్కా ముల్కీ అని ఒకడు వాదించాడు. ఉరుగ్వేలో కూడా 15 ఏళ్ళున్న విదేశీయులకు ఓటు ఉన్నదని ఇంకొకడు ఫోను చూసి చదివాడు. అధ్యక్షులవారు చలించలేదు. ముల్కీ కావాలంటే తిరిగి పోననే సంకల్పం ఉండాలని, గూర్ఖా రెండేళ్ళకోసారి దసరాకు సొంత ఊరికి పోతున్నాడు కనుక అతనికి ఈ నేల మీద మనసు లేదని తేల్చారు. అధ్యక్షులవారి కుమారుడు కూడా రెండేళ్ళకోసారి మేడారానికి వస్తాడు. దానిని మాతృభూమి మీద మమకారం అంటారు.

నా వంతుగా ఆర్థికశాస్త్రం జోడించాను. మన ప్రాంతంలో ఓటు స్థిరాస్తి వంటిది. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో తమకు డబ్బు కవర్లు అందలేదని రోడ్డెక్కిన ఓటర్లను టీవీలలో చూశాము. సరుకు ఎక్కువ వస్తే ధర ఏమవుతుందో ఎనుమాముల మార్కెట్టులో మిర్చి అమ్మిన ఏ రైతైనా చెప్పగలడు. అటువంటప్పుడు కొత్త ఓటర్లను దించుకోవడం బుద్ధిమంతుల పనేనా? ఈ వాదనకు కుర్రవాళ్ళు కూడా తల ఊపారు.

సమావేశం ముగుస్తుండగా గూర్ఖా నెల డబ్బులకు వచ్చాడు. యాభై రూపాయలు అందుకుని, "సార్, నాలుగో కంబం లైటు పోయి రెండు నెలలాయె, చీకట్ల కుక్కలు మీద పడుతున్నయ్" అన్నాడు. నాయకుడి ఇంటికి వెళ్ళి అడిగితే నీ ఓటు ఏ పోలింగు బూత్‌లో అన్నారట. మేము ఎవరమూ ఆ లైటు సంగతి గమనించలేదు. ఆ వేళకు అందరమూ నిద్రలో ఉంటాము. ఓటర్ల నుంచి ఫిర్యాదు అందనందున పరిశీలన అవసరం లేదని మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు చేశాము.